ఈ లైసెన్సు ఏ వెర్షన్ దాకా?

2024 మార్చి 20న రెడిస్ లైసెన్సు మారింది. ఆ పేరు ఎన్నడూ విననివాళ్ళు కూడా రోజుకు పదిసార్లు దానిచేత పని చేయించుకుంటూనే ఉంటారు. యాప్ తెరిచీ తెరవగానే మీ లాగిన్, మీ కార్టు కళ్ళముందుంటాయి కదా, చాలాచోట్ల ఆ వేగం వెనకున్నది రెడిసే. డిస్కు దాకా పోకుండా మెమరీలోనే డేటా పెట్టుకుని, అడిగిందే తడవుగా అందిస్తుంది. సాల్వతోరె సాన్‌ఫిలిప్పో అనే ఇటాలియన్ ప్రోగ్రామరు 2009లో దీన్ని మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళు బీఎస్‌డీ లైసెన్సు మీద నడిచింది. మా పేరూ ఈ నోటీసూ తీసేయకుండా ఉంటే చాలు, వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అనే లైసెన్సు అది. రెడిస్ బీఎస్‌డీగానే ఉంటుందని 2018లో దాన్ని నడిపే కంపెనీ హామీ కూడా ఇచ్చింది.

2024 మార్చిలో ఆ మార్పు ప్రకటన వచ్చిన రోజున గొడవంతా, రెడిస్‌ను సేవగా అమ్ముకునేవాళ్ళకు అడ్డుకట్ట వేసే కొత్త లైసెన్సుల పేర్ల మీద నడిచింది. నా మటుకు నాకు అసలు సంగతి ఒక అంకెలో కనిపించింది. కొత్త షరతులు 7.4 వెర్షన్ నుంచి. అంటే అంతకుముందు బయటికొచ్చిన 7.2.4 పాత బీఎస్‌డీ కిందే ఉండిపోయింది. ఎనిమిదో రోజుకల్లా, మార్చి 28న, లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద వాల్కీ అనే ఫోర్క్ (పాత కోడు తీసుకుని వేరే పేరుతో నడిపే చీలిక) పుట్టింది. సరిగ్గా ఆ 7.2.4 కోడు మీదే. వెనకాల నిలబడింది అమెజాన్, గూగుల్ క్లౌడ్, ఒరాకిల్, ఎరిక్సన్, స్నాప్. రెడిస్ మెయింటెయినర్లలో (కోడు బాగోగులు చూసేవాళ్ళలో) ఒకరైన మెడలిన్ ఓల్సన్ కూడా ఇటే వచ్చేసింది.

లైసెన్సు లాయర్ల వ్యవహారం, రిలీజ్ ప్లానింగ్ ఇంజినీర్ల వ్యవహారం అనుకోవడం మనకు అలవాటు. ఎవరి గది వారిది. ఆ రెండు గదుల మధ్య గోడ లేదు అనేదే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది. లైసెన్సు ప్రాజెక్టుకు అంటుకోదు, బయటికొచ్చిన ప్రతి వెర్షన్‌కూ విడివిడిగా అంటుకుంటుంది. ఒకసారి ఇచ్చిన ప్రతి మీద ఇచ్చిన హక్కును వెనక్కి లాక్కోవడం ఆచరణలో కుదరని పని. రేపటి నుంచి ఇవ్వను అని మాత్రం అనొచ్చు. అందుకని "ఇది ఓపెన్ సోర్సేనా", అంటే ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగల కోడేనా అన్న ప్రశ్నకు "ఏ వెర్షన్ దాకా, ఏ తేదీ దాకా" అన్న తోక తగిలించకపోతే జవాబు సగమే వస్తుంది.

పాత వెర్షన్ ఎప్పటికీ మనదే కదా, ఇంకేం భయం అనిపిస్తుంది. కాగితం మీద నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ ఇనప్పెట్టెలో దాచుకునే బంగారం లాంటిది కాదు, పాలలాంటిది. ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు సెక్యూరిటీ ప్యాచ్‌లు వేస్తూ ఉంటేనే నిలవుంటుంది. ఆ ప్యాచ్‌లు ఏ లైసెన్సుతో వస్తాయన్నది ఇంకో ప్రశ్న. 2018 అక్టోబరు 16న డేటాబేసు తయారుచేసే మాంగోడీబీ, ఏజీపీఎల్ అనే లైసెన్సును వదిలి ఎస్‌ఎస్‌పీఎల్ అనే కొత్తదానికి మారినప్పుడు (ఇవేమిటో కింద చెబుతాను), ఆ తేదీ తర్వాత పాత వెర్షన్లకు వచ్చే ప్యాచ్‌లు కూడా కొత్త లైసెన్సు కిందే వస్తాయని స్పష్టంగా చెప్పింది. పాతదాన్ని పట్టుకుని కూర్చుంటే కన్నాలున్న కోడుతో కూర్చోవాలి, లేదంటే కన్నం పూడ్చుకున్న మరుక్షణం కొత్త షరతుల్లోకి రావాలి. హక్కు అలాగే ఉంది, దాన్ని వాడుకోగలిగే కాలానికే చివర వచ్చింది.

ఇంతకీ కంపెనీలు ఇలా ఎందుకు చేస్తున్నాయి? దురాశ అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఒప్పదు. పాత జీపీఎల్ లైసెన్సు 1989 నాటిది, దాని రెండో వెర్షన్ 1991లో వచ్చింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఇవ్వడమంటే టేపులోనో ఫ్లాపీలోనో ప్రతి ఇవ్వడమే. ప్రతి ఇస్తే సోర్సు కూడా ఇవ్వు అన్నది నియమం. క్లౌడ్ వచ్చాక ప్రతి ఇవ్వాల్సిన పనే లేకుండా పోయింది. ప్రోగ్రాము మన సర్వర్లోనే ఉంటుంది, దాని సేవకు మాత్రం నెలనెలా బిల్లు వేస్తాం. నియమం చెక్కుచెదరలేదు, దానికి దొరికే సందర్భమే మాయమైంది. ఈ కంత పూడ్చడానికి 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది. మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్కు ద్వారా వాడిస్తే, వాడేవారికి ఆ మార్చిన సోర్సు ఇవ్వాలంటుంది. అది కూడా చాలదని మాంగోడీబీ రాసుకున్నదే ఎస్‌ఎస్‌పీఎల్. దీని ప్రకారం ఆ ప్రోగ్రామును సేవగా అమ్మితే, దాన్ని నడపడానికి చుట్టూ వాడే నిర్వహణ, పర్యవేక్షణ, బ్యాకప్ సాఫ్ట్‌వేరంతా కూడా బయటపెట్టాలి. ఏ పెద్ద క్లౌడ్ కంపెనీ అయినా ఆ పని చేస్తుందని దాన్ని రాసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. అమ్మకానికి అడ్డుకట్ట వేయడమే దాని పని. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదానికి దాన్ని పంపి, 2019 మార్చిలో మాంగోడీబీయే వెనక్కి తీసుకుంది. ఆ సంస్థ నిర్వచనంలో ఫలానా పనికి వాడొద్దు అనే షరతు పనికిరాదని ఉంది. ఎస్‌ఎస్‌పీఎల్‌ను అది ఓపెన్ సోర్సుగా గుర్తించదు.

కంపెనీల బాధలో నిజముంది. పొలం దున్నింది ఒకరు, గిడ్డంగి ఉన్నవాడు ఇంకొకడు, లాభం గిడ్డంగిది. అయితే ఆ పొలంలో కూలి లేకుండా చేసిపోయినవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి ఈ వాదనలో తరచూ జారిపోతుంది. వాళ్ళు తమ కోడు ఇచ్చింది పాత మాట నమ్మి.

మాట మార్చే అధికారం ఎవరికుంటుంది అన్నది మరీ ఆసక్తికరం. బీఎస్‌డీ అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందరూ ఇచ్చిన కోడును ఏ షరతుల కిందైనా కలిపి అమ్ముకోవచ్చని ఆ లైసెన్సే అంటోంది. రెడిస్‌లో జరిగింది అదే. వేరే లైసెన్సుల్లో, బయటివాళ్ళ నుంచి ముందే ఒక ఒప్పందం రాయించుకుంటారు. సీఎల్‌ఏ అంటారు దాన్ని. నా కోడును మీరు రేపు ఏ లైసెన్సుతోనైనా ఇచ్చుకోవచ్చు అని చాలా సీఎల్‌ఏల సారాంశం. చిన్న బగ్ ఒకటి సరిచేసి పంపేటప్పుడు తెరమీద ఒక బాక్సు వస్తుంది, టిక్ పెట్టి ముందుకెళ్ళిపోతాం. ఆ టిక్కు విలువ అయిదారేళ్ళ తర్వాత ఏదో ఒక ఉదయం తెలుస్తుంది.

లైనక్స్ పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదట బయటపెట్టినప్పుడు దాన్ని డబ్బుకు పంచకూడదని సొంత షరతు పెట్టాడు. 1992 మొదట్లో వచ్చిన 0.12 వెర్షన్‌తో పాటు, ఎవరికీ అభ్యంతరం లేకపోతే ఫిబ్రవరి 1 నుంచి జీపీఎల్‌కు మారుస్తానని రాశాడు. అప్పటికి కోడు ఇచ్చినవాళ్ళు కొద్దిమందే, మార్చగలిగాడు. ఈరోజు అది సాధ్యం కాదు. వేలమంది రాసిన కోడు, ఎవరి కాపీరైటు వారిదే, ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చినప్పుడు అది టోర్వాల్డ్స్‌కు నచ్చలేదన్నది ఒక సంగతి. నచ్చినా ఆ వేలమందినీ వెతికి పట్టుకుని ఒప్పించాల్సి వచ్చేదన్నది ఇంకో సంగతి. అది ఎంత పనో వీఎల్‌సీ ప్లేయర్ వాళ్ళనడగాలి. లైసెన్సును జీపీఎల్ నుంచి, ఇంకాస్త సడలింపున్న ఎల్‌జీపీఎల్‌కు మార్చుకోవడానికి 2011, 2012ల్లో వందలమంది పాత డెవలపర్ల అనుమతులు సేకరించుకున్నారు. ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే అన్నదమ్ములందరూ సంతకం పెట్టాల్సిందే. పేచీకోరు ఒక్కడున్నా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. మన కుటుంబాల్లో అది తలనొప్పే గానీ, సాఫ్ట్‌వేర్‌లో అదే గట్టి తాళం.

ఇప్పుడు తేదీనే లైసెన్సులోకి ఎక్కించిన వ్యవహారం చూద్దాం. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో తెలివైనది, చిక్కైనదీ ఇదే. బిజినెస్ సోర్స్ లైసెన్స్, పొట్టిగా బీఎస్‌ఎల్. మరియాడీబీ అనే డేటాబేసు వాళ్ళ సృష్టి. సోర్సు అందరికీ కనిపిస్తుంది, చాలా పనులకు వాడుకోవచ్చు కూడా, కానీ లైసెన్సు ఇచ్చినవాళ్ళు పెట్టిన హద్దు దాటకూడదు. ఆ హద్దు సాధారణంగా మాతో పోటీగా అమ్మొద్దు అని ఉంటుంది. ఇదంతా ఒక గడువు వరకే, ఆ గడువు నాలుగేళ్ళకు మించకూడదు. అది దాటాక ఆ వెర్షన్ దానంతటదే స్వేచ్ఛా లైసెన్సులోకి మారిపోతుంది. సర్వర్లను కోడుతో ఏర్పాటు చేసుకునే సాధనం టెర్రాఫామ్‌ను తయారుచేసే హాషీకార్ప్ 2023 ఆగస్టు 10న ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు వదిలేసి దీనికి మారింది. వాళ్ళు పెట్టిన గడువు ప్రతి వెర్షన్‌కూ అది ప్రచురితమైన రోజు నుంచి నాలుగేళ్ళు.

ఇక్కడ రిలీజ్ తేదీ ఇంజినీర్ల డైరీలోంచి లేచివచ్చి లైసెన్సులో ఒక నిబంధనగా కూర్చుంది. ఎప్పుడు విడుదల చేశారు అన్నది చట్టపరమైన ప్రశ్న అయిపోయింది. నాలుగేళ్ళన్నది సాఫ్ట్‌వేర్ వయసులో ముసలితనం. అప్పటికి ఆ వెర్షన్‌కు ప్యాచ్‌లు ఇచ్చేవాళ్ళు సాధారణంగా ఉండరు. చద్దన్నం పెట్టి విందు అన్నట్టే ఉంటుందని గిట్టనివాళ్ళ వాదన. కంపెనీ రేపు మూతపడినా కోడు చీకట్లో కలిసిపోదు కదా అని నచ్చినవాళ్ళ వాదన. నేను రెండోవాళ్ళకు కొంత దగ్గర. అయితే దాన్ని ఓపెన్ సోర్సు అని పిలవొద్దు, అంతే. సెంట్రీ అనే కంపెనీ 2023 నవంబరులో ఈ గడువును రెండేళ్ళకు కుదించి ఫంక్షనల్ సోర్స్ లైసెన్స్ అని ఇంకోటి తెచ్చింది. రెండేళ్ళ నాటి కోడుకు ఇంకా ఊపిరి ఉంటుంది, ఆ తేడా చిన్నది కాదు.

టెర్రాఫామ్ విషయంలో కూడా పాత లైసెన్సు కింద మిగిలిన 1.5 కొమ్మ నుంచే ఫోర్క్ లేచింది. సెప్టెంబరులో లైనక్స్ ఫౌండేషన్‌లో చేరిన ఓపెన్‌టోఫు, 2024 జనవరిలో 1.6 వెర్షన్ విడుదల చేసింది. పాత ఎంపీఎల్ వెర్షన్లకు సెక్యూరిటీ ప్యాచ్‌లు 2023 డిసెంబరు 31 దాకా ఇస్తామని హాషీకార్ప్ చెప్పింది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, నాలుగు నెలల పైచిలుకు. ఇలాంటి తేదీ ఒకటి వినబడగానే ఆఫీసుల్లో ఏం జరుగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. ఎవరో ఒకరు ఎక్సెల్ షీటు తెరుస్తారు, ఏ సర్వర్లో ఏ వెర్షన్ ఉందో రాయడం మొదలవుతుంది, లీగల్ వాళ్ళకు మెయిల్ పోతుంది, వాళ్ళ జవాబు వచ్చేలోపు సగం గడువు అయిపోతుంది.

లైసెన్సులో ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఇదే ఫలితం రాబట్టవచ్చని చూపించినది సెంట్‌ఓఎస్. రెడ్ హ్యాట్ డబ్బుకు అమ్మే లైనక్స్‌ను, దాని సోర్సు నుంచే మళ్ళీ కట్టి ఉచితంగా ఇచ్చే వ్యవస్థ ఇది. హోస్టింగ్ కంపెనీల నుంచి యూనివర్సిటీల దాకా దీని మీద కోకొల్లలుగా సర్వర్లు నడిచేవి. సెంట్‌ఓఎస్ 8 వచ్చింది 2019 సెప్టెంబరులో. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని అందరూ లెక్కవేసుకున్నారు. 2020 డిసెంబరు 8న, ఆ గడువు 2021 డిసెంబరు 31తో ముగుస్తుందని ప్రకటన వచ్చింది. ఏడేళ్ళ చిల్లర ఒక్క ప్రకటనతో ఎగిరిపోయింది. జీపీఎల్ అలాగే ఉంది. సోర్సు అలాగే ఉంది. అందరి చేతిలో ఉన్న ప్రతులు అలాగే ఉన్నాయి. మారింది కేలండర్ మాత్రమే. దాని ఖాళీలోంచి 2021లో ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ వచ్చాయి. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్‌జర్, సెంట్‌ఓఎస్ తొలి స్థాపకుల్లో ఒకడే.

రెండున్నరేళ్ళ తర్వాత, 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ ఇంకో మెలిక వేసింది. తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్సు ఇకపై అందరికీ బహిరంగంగా పెట్టదు, కస్టమర్లకే ఇస్తుంది. బయటివారికి, తర్వాతి వెర్షన్‌కు ముందుగా బయటపెట్టే సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ సోర్సు చాలు అంది. జీపీఎల్ అడిగేది కూడా ప్రోగ్రాము అందుకున్నవారికి సోర్సు ఇమ్మనే, ఊరందరికీ ఇమ్మని కాదు. నీతి మాట అలా ఉంచితే, లైసెన్సు ఏం చెప్పలేదో అక్కడ ఎంత చోటుందో ఆ రోజు చాలామందికి మొదటిసారి తెలిసింది.

కేలండర్‌కు ఇంత బలం ఉన్నప్పుడు దాన్ని ఎలా వేస్తారన్నది తెలుసుకోవాలి. స్థూలంగా రెండు దారులు. సిద్ధమైనప్పుడే విడుదల అనేది డెబియన్ అనే లైనక్స్ సంప్రదాయం. ముహూర్తం కన్నా వంట ఉడకడం ముఖ్యం. దీని ధర ఆలస్యం. 2002 జూలైలో వుడీ అనే వెర్షన్ వచ్చాక తర్వాతి సార్జ్ రావడానికి 2005 జూన్ అయింది. రెండో దారి తేదీ ముందు పెట్టుకోవడం. డెబియన్ మీదే కట్టిన ఉబుంటు 2004 అక్టోబరు నుంచి ఆరు నెలలకోసారి వస్తోంది, వెర్షన్ అంకెలోనే ఏడాదీ నెలా ఉంటాయి. 2006 ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌కు జరిగితే 6.04 కావాల్సినదాని పేరే 6.06 అయింది.

తేదీ పెట్టుకోవడంలో అసలు లాభం సమయపాలన అనుకుంటారు గానీ, అది మనుషుల మనసులకు సంబంధించింది. లైనక్స్ గుండెకాయైన కెర్నెల్ 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబరులో. ఈసారి తప్పిపోతే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి అని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఉడికీ ఉడకని ఫీచర్‌ను ఎలాగోలా తోసేస్తారు. విడుదల ఇంకా ఆలస్యమవుతుంది, తోపులాట ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు కెర్నెల్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. రెండు వారాలు కొత్త కోడు తీసుకుంటారు, ఆ తర్వాత వారానికొక పరీక్షా వెర్షన్. ఈ బండి తప్పితే రెండు నెలల్లో ఇంకో బండి, వేలాడాల్సిన పని లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కూడా 2020లో వచ్చిన 3.9 నుంచి ఏటా అక్టోబరుకు వచ్చేస్తోంది. 2024లో 3.13 విడుదలకు కొద్దిరోజుల ముందు కొత్త గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే భాగం) కొన్ని ప్రోగ్రాములను నెమ్మదింపజేస్తోందని తేలితే, దాన్ని దింపేసి వారం ఆలస్యంగా, అక్టోబరు 7న విడుదల చేశారు. ఫీచర్ దిగిపోయింది, బండి పోయింది. పెద్ద పంచాయితీ ఏమీ కాలేదు.

ఇక్కడే ఎక్స్‌జెడ్ కథ చెప్పాలి. విడుదలల కోసం వేసే ఒత్తిడి ఎంత దూరం పోగలదో ఇంతకన్నా భయంకరంగా చూపించిన ఘటన నాకు తెలిసి లేదు. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్ళను కుదించే సాధనం, దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒక్క మనిషే, తీరిక దొరికినప్పుడు చూసుకునేవాడు. 2022లో కొన్ని పేర్లతో ఫిర్యాదులు మొదలయ్యాయి. విడుదలలు ఆలస్యమవుతున్నాయి, ప్యాచ్‌లు పడి ఉన్నాయి, ఇంకొకరికి అప్పగించరాదా అని. ఆ ఇంకొకరు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు, జియా టాన్ అనే పేరుతో, ఓపిగ్గా కోడు పంపుతూ. నెమ్మదిగా విడుదల చేసే అధికారం అతని చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి ఉంది. దాన్ని పనిచేయించే కీలకమైన ముక్క అందరూ చూసే రిపాజిటరీలో (కోడు దాచే చోట) లేదు, విడుదల కోసం కట్టిన మూటలోనే ఉంది. సోర్సు బహిరంగమే, విడుదల మాత్రం వేరే. మార్చి 29న మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయింట్ బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీస్తే బయటపడింది.

ఆ వెర్షన్లు డెబియన్ ప్రయోగ శాఖల్లోకీ ఫెడోరా అనే ఇంకో లైనక్స్ ముందస్తు వెర్షన్లలోకీ చేరాయి గానీ, అందరూ వాడే డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు. పాతబడిన ప్యాకేజీలని మనం విసుక్కునే ఆ నిదానమే కాపాడింది. ఉబుంటు 24.04 బీటా ఏప్రిల్ 4 నుంచి 11కు జరిపి అన్నీ తిరిగి కట్టారు, అసలు విడుదల మాత్రం ఏప్రిల్ 25న అనుకున్న రోజుకే వచ్చింది. ఉచితంగా వాడుకుంటూ తర్వాతి వెర్షన్ ఎప్పుడని గద్దించేవాళ్ళు, ఆ మెయింటెయినరు కుర్చీలో తమను ఒక్కసారి ఊహించుకుంటే బాగుండు.

కొత్త ప్రాజెక్టు ఏదైనా వాడదామా అని ఎవరైనా అడిగితే నేను లైసెన్సు ఫైలు కన్నా ముందు సీఎల్‌ఏ ఉందా, ఉంటే హక్కులు కంపెనీకా ఫౌండేషన్‌కా అని చూస్తాను. తర్వాత పాత వెర్షన్లకు ఎన్నాళ్ళు ప్యాచ్‌లు ఇస్తున్నారో, ఆ మాట గతంలో నిలబెట్టుకున్నారో లేదో చూస్తాను. విడుదల చేయగలిగే చేతులు ఎన్ని, అవన్నీ ఒకే జీతం తీసుకుంటున్నాయా అన్నది మూడోది. లైసెన్సు పేరు వీటి తర్వాతే. బీఎస్‌డీ అయినా, ఒకే కంపెనీ చేతిలో ఉంటే అది అద్దె ఇల్లే. ఇంటాయన మంచివాడైతే ఏళ్ళు గడిచిపోవచ్చు.

కొందరు ఇంటాయనలు మనసు మార్చుకున్నారు కూడా. 2021లో ఇలాగే లైసెన్సు మార్చిన ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధన సాధనం, 2024 ఆగస్టులో ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా తెచ్చింది. అప్పటికి 7.10.2 నుంచి అమెజాన్ చీల్చుకున్న ఓపెన్‌సెర్చ్‌కు మూడేళ్ళు నిండాయి. రెడిస్ కూడా 2025 మే 1న, 8వ వెర్షన్‌తో ఏజీపీఎల్‌కు తలుపు తీసింది. మళ్ళీ కంపెనీలో చేరిన సాన్‌ఫిలిప్పో దాన్ని సంతోషంగా స్వాగతించాడు. ఈలోపు 2024 అక్టోబరులో వచ్చిన ఫెడోరా 41లో రెడిస్ ఉండాల్సిన చోట వాల్కీ ఉంది.

టెర్రాఫామ్ మాత్రం వెనక్కి రాలేదు, హాషీకార్ప్‌ను 640 కోట్ల డాలర్లకు ఐబీఎమ్ కొనేసింది. 2023 అక్టోబరు 4న విడుదలైన టెర్రాఫామ్ 1.6 గడియారం ఇంకా నడుస్తోంది. 2027 అక్టోబరు మొదటి వారంలో అది ఎంపీఎల్ అవుతుంది. అందులో ఉన్న బగ్‌లతో సహా.